ఎమ్మెస్సీ నర్సింగా, నర్స్ ప్రాక్టీషనరా: ఏది మేలు?

కాళోజీ హెల్త్ యూనివర్సిటీ నర్సింగ్ పీజీ నోటిఫికేషన్ వచ్చే రోజులు దగ్గరపడితే చాలు, నా ఫోన్‌కి ఒకటే ప్రశ్న వస్తుంది. "అక్కా, బీఎస్సీ అయ్యి మూడేళ్లయింది. ఎమ్మెస్సీ చేయనా, ఎన్‌పీసీసీలో చేరనా?" ఎన్‌పీసీసీ అంటే నర్స్ ప్రాక్టీషనర్ ఇన్ క్రిటికల్ కేర్, అంటే ఐసీయూలో విషమంగా ఉన్న రోగులను చూసుకోవడం నేర్పే కోర్సు. రెండూ రెండేళ్లే, రెండూ పీజీలే. జీతాల సంగతి మీకు ఎవరైనా చెప్తారు. నేను చూసేది వేరు. రేపు ఒక రాత్రి ఐసీయూ మొత్తం మీ మీద వదిలేస్తే నిలబడటం ఏ కోర్సు నేర్పుతుంది?

ఎందుకు అదే పట్టుకున్నానంటే, నాకు అలాంటి రాత్రి ఒకటి వచ్చింది. నగరంలో ఒక ప్రైవేటు ఆస్పత్రిలో నైట్ ఇన్‌ఛార్జ్‌గా ఉన్నాను. మూడు గంటలప్పుడు ఒక జూనియర్ అమ్మాయి వచ్చి నా చెయ్యి పట్టుకుంది. "అక్కా, పొటాషియం రేటు తప్పు పెట్టానక్కా." గంటకు 10 మిల్లీ ఈక్వివలెంట్లు వెళ్లాల్సింది రెట్టింపు వెళ్తోంది. అప్పటికి ఇరవై నిమిషాలైంది. పొటాషియం ఎక్కిస్తున్న పంప్ ఆపాను, ఈసీజీ తీశాం, డ్యూటీ డాక్టర్‌ని లేపాను, రక్తం మళ్లీ పంపాం. దేవుడి దయవల్ల రిపోర్ట్ నార్మల్‌గానే వచ్చింది.

అసలు సమస్య తెల్లవారాక మొదలైంది. జరిగిన తప్పుని రాసిపెట్టే ఇన్సిడెంట్ రిపోర్ట్ రాయాలా వద్దా? బయట కుర్చీలో నిద్రపోతున్న పేషెంట్ కొడుక్కి చెప్పాలా? "ఏమీ కాలేదు కదా, ఎందుకు పెద్దది చేయడం" అన్నారు పైవాళ్లు. ఆ అమ్మాయి ఆ రాత్రి నలుగురిని చూసుకుంటోంది, అందులో ఇద్దరు వెంటిలేటర్ మీద ఉన్నారు. ఒక్కో వెంటిలేటర్ పేషెంట్‌కి ఒక నర్సు ఉండాలన్నది మనందరం చదువుకున్నదే. రిపోర్ట్ రాస్తే ఆ లెక్క బయటికి వచ్చేది. పాత పేషెంట్ సెట్టింగ్ తీసేయకుండా పంప్‌ని పక్క బెడ్‌కి మార్చే అలవాటు కూడా బయటికి వచ్చేది. నేను రాయలేదు. ఆ పంపులు అలాగే బెడ్లు మారుతూ ఉన్నాయి.

లీడర్‌షిప్, ఎథిక్స్, ప్రాబ్లమ్ సాల్వింగ్ అని సిలబస్‌లో మూడు చోట్ల చదివేవి ఆ ఒక్క రాత్రిలోనే ఉన్నాయి.

తర్వాత ఎమ్మెస్సీ చేశాను, మెడికల్ సర్జికల్ బ్రాంచ్‌లో. చేసినందుకు బాధ లేదు. మొదటి ఏడాది నర్సింగ్ ఎడ్యుకేషన్, రీసెర్చ్. రెండో ఏడాది నర్సింగ్ మేనేజ్‌మెంట్, థీసిస్. ఎంతమంది పేషెంట్లకు ఎంతమంది నర్సులు కావాలో లెక్క కట్టడం, తప్పు వెనక అసలు కారణం వెతకడం, పదిమంది ముందు నిలబడి పాఠం చెప్పడం అక్కడే వచ్చాయి. టీచింగ్‌లోకి వెళ్లాలనుకుంటే, తర్వాత పీహెచ్‌డీ ఆలోచన ఉంటే ఇంక వేరే మాట లేదు, ఎమ్మెస్సీయే. కానీ ఎథిక్స్ మాత్రం నాకు పది మార్కుల ప్రశ్నగానే మిగిలింది. రోగి స్వేచ్ఛ, మేలు చేయడం, హాని చేయకపోవడం, న్యాయం అని నాలుగు సూత్రాలూ రాశాను, మార్కులు వచ్చాయి. ఆ రాత్రి రిపోర్ట్ ఎందుకు రాయలేదని నన్ను ఎవరూ అడగలేదు.

ఎన్‌పీసీసీలో ఆ అడగడం ఉంది. ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ దాన్ని రెసిడెన్సీగా పెట్టింది. థియరీ 20 శాతం, మిగతా 80 శాతం పేషెంట్ దగ్గరే. లీడర్‌షిప్, మేనేజ్‌మెంట్, టీచింగ్ కలిపి ఒక సబ్జెక్టు కూడా ఉంది. సబ్జెక్టు కంటే నాకు నచ్చింది వాళ్ల పొద్దుటి రౌండ్లు. ఒకసారి పక్కన నిలబడి విన్నాను. రెసిడెంట్ అమ్మాయి రాత్రి బీపీ పడిపోయిన కేసు చెప్తోంది. "ముందు ఎవరికి చెప్పావ్? డాక్టర్ వచ్చేలోపు ఏం చేశావ్? ఇంట్లోవాళ్లకి ఏ మాటల్లో చెప్పావ్?" అని మేడమ్ ఒక్కొక్కటీ అడుగుతున్నారు. ఆ అమ్మాయి గొంతు వణికింది, కానీ అన్నిటికీ జవాబు చెప్పింది. రెండేళ్లు రోజూ అలా జవాబు చెప్పిన మనిషి, "ఎందుకు పెద్దది చేయడం" అని పైవాళ్లంటే నాలాగా ఊరుకోదని నా నమ్మకం.

ఇబ్బందులూ చెప్పాలి. చేరాలంటే కనీసం ఏడాది క్లినికల్ అనుభవం, అదీ ఐసీయూ లాంటి చోట ఉంటే మంచిది. నడిపే కాలేజీలు తక్కువ, కాబట్టి కౌన్సిల్ గుర్తింపు చూసుకోకుండా ఫీజు కట్టొద్దు. బయటికొచ్చాక ఆ పేరుతో పోస్టు అన్ని ఆస్పత్రుల్లో ఉండదు. మందులు సొంతంగా రాసేయొచ్చని కూడా అనుకోకండి, ఆస్పత్రి ప్రోటోకాల్ లోపలే పని.

ఎంహెచ్‌ఏ (ఆస్పత్రి నిర్వహణ పీజీ), ఎంబీఏ గురించి అడిగేవాళ్లకు: ఆఫీసు వైపు వెళ్లిపోవాలని గట్టిగా ఉంటేనే. ఏడాది పోస్ట్ బేసిక్ డిప్లొమాలు స్కిల్‌కి మంచివే, పీజీకి బదులు కావు.

ఎమ్మెస్సీకే వెళ్తున్నవాళ్లు బ్రాంచ్ ఎంచుకునేటప్పుడు మెంటల్ హెల్త్‌ని చిన్నచూపు చూడకండి. ఎర్రగడ్డలో పోస్టింగ్ చేసినవాళ్లకు తెలుసు, చెయ్యెత్తిన పేషెంట్‌ని కట్టేయాలా, మాట్లాడి కూర్చోబెట్టాలా అన్నది క్షణాల్లో తేల్చాలి. 2017 మెంటల్ హెల్త్‌కేర్ చట్టం ప్రకారం, వెంటనే జరగబోయే హానిని ఆపడానికి ఇంకో దారి లేనప్పుడే కట్టాలి, శిక్షగా కట్టకూడదు. ఎథిక్స్ అక్కడ పేపర్ మీద ఉండదు.

మొత్తానికి, ఐసీయూలో పనిచేస్తూ బెడ్‌సైడ్ వదలడం ఇష్టం లేనివాళ్లకు నేను ఎన్‌పీసీసీయే చెప్తాను. ఏ కోర్సయినా సరే, చేరే ముందు ఆ కాలేజీ సీనియర్లలో ఇద్దరిని పట్టుకుని ఒక్క మాట అడగండి: "ఈ మధ్య మీలో ఎవరైనా చేసిన తప్పుని క్లాసులో కూర్చుని మాట్లాడుకున్నారా? ఆ తప్పు చేసినవాళ్లు అక్కడే ఉన్నారా?" జవాబు చెప్పే ముందు వాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకుంటే, ఇంకో కాలేజీ వెతుక్కోండి.