కొరాపుట్ ఘాట్‌లో కేరవాన్: బసల కంటే టైర్లే ముఖ్యం

సాలూరు దాటి ఘాట్ ఎక్కడం మొదలయ్యాక మామూలు కారుకీ, మంచాలూ అల్మరాలూ మోసే కేరవాన్‌కీ తేడా తెలిసిపోతుంది. మా తోడల్లుడు పాత మినీ బస్సు ఒకటి కొని, ముందు సీట్లు ఉంచి వెనకవి పీకించి, మంచాలు, వంటగట్టు, 150 లీటర్ల నీళ్ల ట్యాంకు, పెద్ద బ్యాటరీలు పెట్టించాడు. కాగితాల్లో మార్పులూ చేయించాడు. మా రెండు కుటుంబాలు, మామగారు కలిసి విజయనగరం నుంచి కొరాపుట్, జయపురం, రాయగడ, పర్లాకిమిడి చుట్టి వద్దామని బయల్దేరాం. చూసినవాటి గురించీ చెబుతాను గానీ, ఈ యాత్రలో టైమూ డబ్బూ ఎక్కువ తిన్నవి టైర్లే.

సుంకి దాటాక పొట్టంగి దగ్గర టీకి ఆగాం. పక్కనే పంక్చర్ షాపు. గాలి చూడమంటే ఆ పెద్దాయన మీటరు పెట్టకముందే వెనక ఎడమ టైరు లోపలి వైపుకి చెయ్యి పోనిచ్చి, అరచేత్తో తడుముకుంటూ వచ్చాడు. ఒకచోట చెయ్యి ఆగింది. చెవి మీద పెట్టుకున్న సుద్దముక్క తీసి అక్కడ సున్నా చుట్టాడు. "బొడిపి కట్టేసింది బాబూ, దీంతో ఘాటీ దిగొద్దు" అన్నాడు. బయటి నుంచి చూస్తే బటన్లు (రోడ్డుకి ఆనే రబ్బరు గళ్లు) నిండుగా ఉన్నాయి, ఎవరికీ అనుమానం రాదు. టైరు పక్కగోడ లోపలి దారాలు తెగితేనే అలా ఉబ్బుతుంది. దానికి ప్యాచ్ వేసి లాభం లేదు, టైరు తీసేయాల్సిందే. స్టెప్నీ వేసి, నట్లు ఎదురెదురుగా బిగించి, యాభై కిలోమీటర్లు పోయాక మళ్లీ బిగించుకోమని చెప్పాడు. తీసుకున్న డబ్బులు తక్కువ, చేసిన పని శ్రద్ధగా ఉంది. యాత్ర మొత్తంలో మంచి సర్వీసు ఎక్కడ దొరికిందంటే నేను ఆ రేకుల షెడ్డే చెబుతాను.

స్టెప్నీ వయసు చూసింది మామగారు. టైరు పక్కన డాట్ (DOT) అనే అక్షరాలతో మొదలయ్యే వరసలో చివరి నాలుగు అంకెలు తయారైన తేదీ. మొదటి రెండూ వారం, తర్వాతి రెండూ సంవత్సరం. మాదాని మీద 1116 అని ఉంది, అంటే 2016లో పదకొండో వారం. వాడకుండా మూల పడేసినా రబ్బరు ముదురుతుంది. ఐదేళ్లు దాటితే ఏటా చూపించుకోమనీ, బటన్ ఎంతున్నా పదేళ్లకు మార్చేయమనీ చాలా కంపెనీలు చెబుతాయి. ఆ స్టెప్నీతో నెమ్మదిగా సెమిలిగుడ చేరాం.

సెమిలిగుడలో లాడ్జిలు చిన్నవే అయినా శుభ్రంగా ఉన్నాయి. వేడినీళ్లు మాత్రం పొద్దున గంటసేపే. కేరవాన్ ఉండగా గది ఎందుకంటారేమో, శీతాకాలంలో ఈ ఎత్తున రేకు బండిలో పడుకోవడం కంటే మందపాటి గోడల మధ్య పడుకోవడం నయం. దేవ్‌మాలికి బరువు బండి తీసుకెళ్లకుండా జీపు మాట్లాడుకున్నాం. 1,672 మీటర్లు, ఒడిశాలో అన్నిటికన్నా ఎత్తైన కొండ. పొగమంచు కమ్మేసి మాకు పెద్దగా ఏమీ కనపడలేదు, పిల్లలకి అదే సరదా.

అసలు విషయం కొరాపుట్‌లో లారీల కాటా మీద బయటపడింది. ముందు చక్రాలు ఒకసారి, వెనక చక్రాలు ఒకసారి విడిగా తూయించాం. కేరవాన్ ఉన్నవాళ్లెవరైనా అన్ని సామాన్లతో, నిండు ట్యాంకుతో, మనుషులతో సహా తూయించుకోవాలి. వెనక ఇరుసు మీద 2,270 కిలోలు వచ్చింది. పాత టైర్ల సైజు 215/75 ఆర్16సి, పక్కన 113/111 అని ఉంది. 113 అంటే ఒక్కో టైరు 1,150 కిలోలు మోస్తుంది, రెండూ కలిపి 2,300. వెనక జంట చక్రాలున్న బండికైతే రెండో అంకె చూడాలి. మాకు మిగిలింది ముప్పై కిలోలు, అది కూడా గాలి నిండుగా ఉంటేనే. గాలి కాస్త తగ్గితే టైరు మోసే బరువు తగ్గిపోతుంది, పక్కగోడ ఎక్కువగా వంగి వేడెక్కుతుంది. ఘాట్ రోడ్డులో, ఎండలో టైర్లు పేలేది ఎక్కువగా ఇందుకే. బరువుకి కనీసం పదిహేను ఇరవై శాతం ఎక్కువ మోసే టైరు ఉండాలన్నది నా లెక్క.

జయపురంలో టైర్ల షాపులకి కొదవ లేదు, ఛత్తీస్‌గఢ్ వైపు పోయే లారీలన్నీ అటుగానే వెళ్తాయి. తెలుగుతో పని జరిగిపోతుంది. మొదటి షాపులో "సైజు అదే సార్, కారు టైరు, ధర సగం" అన్నాడు. దాని సైజు చివర సి అనే అక్షరం లేదు, అంటే బరువు బండికి చేసింది కాదు, వద్దన్నాం. ఇంకో షాపులో సరైన టైరే ఉంది గానీ తేదీ మూడేళ్ల కిందటిది, ధర మాత్రం కొత్తదానిది. మూడో చోట అదే సైజులో పది ప్లై (ప్లై అంటే టైరు బలం చెప్పే అంకె), 116/114 తెప్పిస్తానన్నాడు, రేపటికి. 116 అంటే 1,250 కిలోలు, రెంటికీ 2,500. మార్జిన్ పది శాతం. నా లెక్క ప్రకారం చాలదు. అంతకంటే ఎక్కువ మోసే టైరు ఆ సైజులో అక్కడ దొరకలేదు. పైగా టైరు మార్చినంత మాత్రాన ఇరుసు బలం పెరగదు. అందుకే ట్యాంకు మూడో వంతే నింపి, బియ్యం బస్తా, ఒక బ్యాటరీ ముందుకు జరిపాం. ఒక్క నీళ్లలోనే వంద కిలోలు తగ్గింది. "నీళ్లు ఎక్కడైనా దొరుకుతాయి అన్నయ్యా, టైర్లు దొరకవు" అని మా తోడల్లుడు తన ట్యాంకుని తనే తిట్టుకున్నాడు.

నెట్‌లో వెతికితే ట్రైలర్ టైర్ల మీద అమెరికా సలహాలే ఎక్కువ వస్తాయి. అక్కడ కారు వెనక కట్టి లాగే ట్రైలర్లకి ఎస్‌టీ అని వేరే టైర్లుంటాయి, చాలావాటికి వేగం గంటకి 65 మైళ్లే. ఇంజిన్ ఉన్న బండికి అవి వేయకూడదు. మన కేరవాన్‌కి ఆ సలహాల్లో పనికొచ్చేవి బరువు, గాలి, తేదీ, ఈ మూడే.

టైర్లు వచ్చేలోపు టాక్సీలో గుప్తేశ్వర్ వెళ్లొచ్చాం. అడవిలో గుహ, లోపల శివలింగం. మెట్లు చాలా ఉన్నాయి, మోకాళ్ల నొప్పులున్నవాళ్లు ఆలోచించుకోవాలి. మామగారు సగం దూరంలో కూర్చుండిపోయారు. భోజనానికి జయపురం వచ్చాకే చూసుకోవడం మంచిది.

మర్నాడు వెనక రెండూ, స్టెప్నీ కూడా మార్పించాం. మామూలు రబ్బరు వాల్వులు 65 పీఎస్‌ఐకి మించి తట్టుకోవు, పది ప్లై టైర్లకి గాలి అంతకంటే ఎక్కువే కావాలి కాబట్టి లోహపు వాల్వులు అడిగి వేయించాం. షాపువాడు అడగందే వేయడు. పొద్దున్నే, బండి కదలకముందు, టైరు చల్లగా ఉన్నప్పుడే గాలి చూడాలి. వేడెక్కాక ఎక్కువ చూపిస్తోంది కదా అని తీసేస్తే చిక్కే.

రాయగడకి వచ్చేసరికి బండి తిన్నగా, నిబ్బరంగా నడిచింది. మజ్జిగౌరమ్మ గుడికి ఆదివారం వెళ్లకండి, బండి పెట్టడానికే చోటుండదు. మేం మామూలు రోజు పొద్దున్నే వెళ్లి దర్శనం చేసుకుని, ఇడ్లీలు తిని గుణుపూర్ మీదుగా పర్లాకిమిడి చేరాం. అక్కడ అవతలి ఒడ్డునే మన పాతపట్నం, భాష కోసం తడుముకోనక్కర్లేదు. రాజుగారి కోట బయటి నుంచే చూశాం. లాడ్జి గది బాగుంది, ఫ్యాన్ చప్పుడు తప్ప. గేటు మాత్రం ఇరుకు, కేరవాన్ రోడ్డు మీదే పెట్టి మా తోడల్లుడు అందులోనే పడుకోవాల్సి వచ్చింది. పెద్ద బండితో వెళ్లేవాళ్లు గది అద్దె కంటే ముందు ఫోన్‌లో గేటు వెడల్పు అడగండి.