మొదటి అక్షరం అందించాలా, అర్థం అడగాలా?

పక్షవాతం తర్వాత మాట తట్టనివాళ్లతో పని మొదలుపెట్టిన కొత్త థెరపిస్టులూ, ఇంట్లో చూసుకునేవాళ్లూ పదే పదే అడిగేది ఇదే. దువ్వెన బొమ్మ చూపించాం. అదేంటో ఆయనకు తెలుసు, పేరే రావట్లేదు. 'దు...' అని అందించాలా, 'దీంతో ఏం చేస్తాం?' అని అడగాలా?

అందిస్తే ఫలితం అక్కడికక్కడే కనబడుతుంది కాబట్టి అందరికీ అదే అలవాటవుతుంది. దెబ్బ తినేది రెండుచోట్ల. 'దు'కి రాకపోతే 'దువ్వె...' దాకా లాగుతాం. అప్పుడాయన పలికేది 'న' ఒక్కటే, మాట వెతికింది మనం. ఇక బొమ్మల వరస. దువ్వెన తర్వాత వెంటనే దుప్పటి పెట్టి మళ్లీ 'దు' అంటే దువ్వెనే వస్తుంది. ఒకే అక్షరంతో మొదలయ్యేవాటి మధ్య నాలుగైదు వేరే బొమ్మలు ఉండాలి.

అర్థం దారి నిదానం. కాగితం మధ్యలో బొమ్మ, చుట్టూ ఆరు గడులు: ఏ రకం వస్తువు, దేనికి వాడతాం, ఏం చేస్తుంది, ఎలా ఉంటుంది, ఎక్కడుంటుంది, చూస్తే ఏం గుర్తొస్తుంది. 1995లో బాయిల్, కోయెలో అనే పరిశోధకులు అఫేసియాకు, అంటే మెదడు దెబ్బతిని మాట తట్టని స్థితికి, వాడి చూపిన పద్ధతి ఇది. గడికి జవాబు రాకపోతే మనమే చెప్పి రాసి, ఆయనచేత అనిపించాలి. మూడో గడిలోనే పేరు వచ్చేసినా మిగతావి వదలకూడదు. ఎక్కువమంది చేసే తప్పు అదే. పేరు వచ్చిందని ఆపేస్తే ఆ పూట పేరు దక్కుతుంది, వెతికే అలవాటు దక్కదు.

నా లెక్కలో తేల్చేది ఒక్కటే: మనం పక్కన లేనప్పుడు ఆయన చేతిలో ఏం మిగులుతుంది? మొదటి అక్షరం తనకు తానే అందించుకోగలిగేవాళ్లు తక్కువ. అదే 'తల... అద్దం... పళ్లుంటాయి' అనగలిగితే, పేరు రాకపోయినా దువ్వెన చేతికొస్తుంది. అందుకే నా మొగ్గు అర్థం వైపే.

అలాగని అందరికీ కాదు. కుక్కను 'పిల్లి' అనేవారికి ఈ అర్థం గడులు బాగా పనికొస్తాయి. 'కుత్త', 'తుక్క' అంటూ సరిచేసుకోబోయేవారికి అర్థంలో లోటు లేదు, జారేది ధ్వని. వాళ్లకు ధ్వనుల గడులు మేలు: ప్రాస మాట, మొదటి ధ్వని, దానితో మొదలయ్యే ఇంకో మాట, చివరి ధ్వని, అక్షరాల లెక్క. ఇంగ్లిష్ నుంచి యథాతథంగా దించుకుంటే చివరి ధ్వని గడి దండగ. తలుపు, గొడుగు, చెప్పు, అన్నీ 'ఉ' దగ్గరే ఆగుతాయి. దాని బదులు రెండో అక్షరం అడగండి. మన పద్యాల ప్రాస కూడా అక్కడే కదా. మొదటి అక్షరం రాయగలిగేవారైతే ఇంకా సులువు: రాసి, చదువుకుని, తమకు తామే అందించుకుంటారు.

'తల దువ్వుకునే...' అని వాక్యం సగంలో ఆపడం, సైగ చేయించడం ఆసరాకు పనికొస్తాయి, అంతవరకే.

ఏది ఎంచుకున్నా ముందు పది సెకన్లు నోరు మెదపకుండా ఆగాలి. తర్వాత అర్థం, అదీ కుదరకపోతే అక్షరం. మూడు వేర్వేరు రోజుల్లో కనీసం రెండుసార్లు తప్పిన మాటలే సాధన జాబితాలోకి తీసుకోవాలి. సాధన చేయని మాటలు వాటంతటవే మెరుగుపడతాయన్న భరోసా ఏ పద్ధతిలోనూ లేదు. కాబట్టి జిరాఫీ, పియానో బొమ్మలు పక్కనపెట్టి కళ్లజోడు, మాత్ర, ఛార్జర్‌తో మొదలుపెట్టండి.