చుక్కా, మాటా, గుర్తా? రంగుల తేడా తెలియని కళ్లకి ఏది మేలు

ఒడిశాలోని బరంపురంలో ఒక పట్టుచీరల కొట్టుకి వెబ్‌సైట్ చేసిచ్చాను. ఒక్కో చీర ఫొటో మూల ఒక చుక్క. పచ్చ చుక్కయితే సరుకు ఉన్నట్టు, ఎర్ర చుక్కయితే అయిపోయినట్టు. నీటుగా ఉందని యజమాని మెచ్చుకున్నాడు, నేనూ పొంగిపోయాను. వారం తిరక్కుండా ఇచ్ఛాపురం నుంచి ఒకావిడ, చీర ఉందో లేదో ముందే ఫోన్ చేసి కనుక్కుని మరీ బస్సెక్కి వచ్చింది. తీరా చూస్తే చీర లేదు. ఆ రోజు ఫోన్ తీసింది మా బావ. ఆ కొట్టులోనే పని.

"బావా, ఎర్ర చుక్క కనబడలేదా?" అన్నాను.

"ఏది ఎర్రది? నాకు రెండూ మట్టిరంగులోనే ఉన్నాయిరా," అన్నాడు, చుట్టూ ఎవరైనా వింటున్నారేమో చూసుకుని. ఇన్నేళ్లుగా పట్టుదారాలు రంగుల వారీగా విడదీసే పని ఎందుకు తప్పించుకు తిరుగుతున్నాడో అప్పుడు అర్థమైంది.

బావకి చూపు తక్కువేం కాదు. కంట్లో రంగుల్ని పట్టే శంకు కణాలు మూడు రకాలు. వాటిలో ఎరుపు వైపుదో పచ్చ వైపుదో సరిగా లేకపోతే ఇలా అవుతుంది. ఆ జన్యువులు ఎక్స్ క్రోమోజోమ్ మీద ఉంటాయి, మగవాళ్లకి అది ఒక్కటే కాబట్టి వాళ్లలోనే ఎక్కువ. ఉత్తర ఐరోపా మూలాలున్న మగవాళ్లలో 100కి 8 మందికి ఉంటుంది, ఆడవాళ్లలో 200కి ఒకరికి. తప్పు మాత్రం బావ కంటిది కాదు, నా చుక్కదే. వెబ్‌పేజీలో మామూలు 'రెడ్', మామూలు 'గ్రీన్' అని రాస్తే వచ్చే ఆ రెండు రంగుల వెలుగుల మధ్య తేడా 1.28:1 మాత్రమే (1:1 అంటే అసలు తేడా లేనట్టే). రంగు తీసేస్తే రెండూ దాదాపు ఒకే బూడిద. విషయం చెప్పడానికి రంగు ఒక్కదాని మీదే ఆధారపడొద్దని, వెబ్‌పేజీలు అందరూ వాడుకోగలిగేలా ఉండటానికి పెట్టిన డబ్ల్యూసీఏజీ ప్రమాణాల్లో అన్నిటికన్నా కింది మెట్టులోనే ఉంది. అదే నేను దాటలేదు.

సరే, దిద్దాలి. మొదట తోచింది రంగులు మార్చడం. జపాన్‌కి చెందిన ఒకాబె, ఇతొ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు ఇలాంటి కళ్లకి కూడా విడివిడిగా తెలిసే 8 రంగుల వరస ఒకటి తయారుచేశారు. అందులోంచి నీలం, నారింజ తీసుకున్నాను. నీలం బాగుంది, తెల్ల పేజీ మీద 5.19:1. నారింజ 2.25:1 దగ్గరే ఆగిపోయింది. ఆ ప్రమాణాల ప్రకారం అక్షరాలకి కనీసం 4.5:1, గుర్తులకి 3:1 కావాలి. అంటే బావకి రంగు తెలిసింది గానీ, ఎండలో ఫోన్ పట్టుకుంటే చుక్క ఎవరికీ ఆనదు. ఇది సర్దుకోవచ్చు, ముదురు నారింజ పెడితే సరి. అసలు చిక్కు బావ అడిగిన ప్రశ్నలో ఉంది: "రెండూ వేరని తెలుస్తోంది. అయితే ఏది ఉన్నట్టు, ఏది లేనట్టు?" నా దగ్గర జవాబు లేదు.

రెండోది, కలర్ బ్లైండ్ వాళ్ల కోసం విడిగా ఒక బటన్. పనుల జాబితాలు పెట్టుకునే ట్రెల్లో యాప్‌లో ఇలాంటిదే ఉంది, నొక్కితే లేబుళ్ల మీద గీతలూ చుక్కలూ వస్తాయి. అంత పెద్ద సరంజామాకి చెల్లుతుందేమో, మన కొట్టుకి మాత్రం దండగ. బావ ఆ బటన్ నొక్కడు, నలుగురి ముందు అసలే నొక్కడు.

మూడోది మాటలు. చుక్క తీసేసి 'ఉంది', 'లేదు' అని రాసేస్తే పోలేదా? ఇంకో ఊళ్లో అయితే పోయేది. 1936లో ఒడిశా రాష్ట్రం ఏర్పడేదాకా బరంపురం ఉన్న గంజాం జిల్లా మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేది. ఇళ్లలో తెలుగు మిగిలింది, బళ్లు మాత్రం చాలామందికి ఒడియావే. బావ తెలుగులో తిడతాడు, తెలుగులో బేరమాడతాడు, తెలుగు అక్షరం మాత్రం చదవలేడు. అందుకని సైటు ఒడియా, తెలుగు, ఇంగ్లిష్ మూడింట్లో ఉంది. 'అఛి', 'నాహిఁ' అని ఒడియాలో పెడితే బావకి సరిపోతుంది. ఇచ్ఛాపురం ఆవిడకి తెలుగు కావాలి. మూడూ కలిపి పెడితే చిన్న ఫోన్‌లో చీర కంటే లేబులే పెద్దది.

కాబట్టి నాలుగోది, గుర్తులు. నిండు గుండ్రంలో టిక్కు, ఖాళీ చతురస్రంలో ఇంటూ. ఏ మీడియంలో చదివినా మాస్టారు నోట్‌బుక్‌లో పెట్టినవి ఈ రెండే కదా. గుండ్రానికీ చతురస్రానికీ తేడా ఉండటం వల్ల దూరం నుంచి కూడా తెలుస్తుంది. రంగు తీసేయలేదు, పచ్చా ఎరుపూ అలాగే ఉన్నాయి. అవి తెలిసేవాళ్లకి చూపు ఇంకా తొందరగా పడుతుంది. చూపు లేనివాళ్ల ఫోన్ చదివి వినిపించడానికి గుర్తు వెనక కోడ్‌లో మాట కూడా రాశాను. సరుకు ఉందా లేదా అన్నదానికి ఇంతకంటే మేలైనది నాకు దొరకలేదు.

అలాగని గుర్తులతో అంతా జరిగిపోదు. చీర రంగు ఎంచుకునే చోట వరసగా రంగు బిళ్లలు పెట్టాను. అక్కడ రంగే సరుకు. టిక్కు పెట్టి ఏం చెబుతాం? వంగపండు రంగూ నీలమూ బావకి ఒకటే నీలం. ఇక్కడ మాటే గెలిచింది, మూడు భాషలైనా సరే. ప్రతి బిళ్ల కింద పేరు పెట్టాను: మిరపపండు, నెమలికంఠం, కనకాంబరం, చిలకపచ్చ. ఒట్టి 'పచ్చ' అని రాయకూడదని మాత్రం చేతులు కాలాక తెలిసింది. మన భాషలో ఆకూ పచ్చే, పసుపూ పచ్చే. ఒంటి రంగు, అంచు రంగు, కొంగు రంగు విడివిడిగా రాయడం కూడా మొదలుపెట్టాం. బరంపురం చీరకి అంచులో కుంభాలే, అంటే గుడి గోపురాల్లాంటి మొనలే అందం. అవి ఏ రంగులో ఉన్నాయో తెలియకుండా ఎవరు కొంటారు? రంగులు బాగా తెలిసే ఆడవాళ్లు కూడా ఈ పేర్లు చూసే ఫోన్ చేస్తున్నారు, ఒక్కో ఫోన్ స్క్రీన్‌లో ఒక్కో ఛాయ కనిపిస్తుంది గదా.

మిగతావి చిన్నవి. లింకుల కింద గీత తీసేయకండి. ఫారంలో తప్పుంటే గడి చుట్టూ ఎర్ర గీత ఒక్కటే గీసి వదిలేయక, 'పిన్‌కోడ్ 6 అంకెలు ఉండాలి' అని పక్కనే రాయండి.

ఇక సరిచూసుకోవడం ఎలా? పేజీని బ్లాక్ అండ్ వైట్ ప్రింట్ తీయడం, క్రోమ్ డెవలపర్ టూల్స్‌లో 'రెండరింగ్' అనే చోట రంగులు తెలియని చూపుని అనుకరించి చూడటం, లేదా బావని కూర్చోబెట్టడం. ప్రింట్ చవక, చుక్కల్లాంటి తప్పుని ఇట్టే పట్టేస్తుంది. క్రోమ్‌లోది ఆ కణాలు బొత్తిగా పనిచేయనివాళ్ల చూపు, చాలామందికి ఉండేది పాక్షికమే. నేను మొదటి రెండూ చూసుకుని, అంతా పాసైందన్న ధీమాతో బావని పిలిచాను.

టిక్కులు చూశాడు, ఇంటూలు చూశాడు, బిళ్లల పేర్లు ఒడియాలో చదువుకున్నాడు. పైకి జరిపి ఆగాడు. "ఈ నల్లపట్టీ ఎందుకురా, ఖాళీగా వదిలేశావు?"

ఆ పట్టీ మీద ఎర్ర అక్షరాలతో 'పండగ తగ్గింపు' అని ఉంది. నలుపు మీద ఎరుపు, లెక్కకి 5.25:1, దర్జాగా పాస్. ఎరుపుని పట్టే కణాలు పనిచేయని కంటికి మాత్రం ఎరుపు నలుపులోకే దిగిపోతుంది. క్రోమ్‌లో నేను చూసింది పచ్చ వైపు లోపం ఒక్కటే, ఎరుపు వైపుది నొక్కనేలేదు. అక్షరాలు తెలుపు చేసి ఫోన్ మళ్లీ బావ చేతికిచ్చాను.

"తగ్గింపా? నాకు చెప్పనేలేదు," అన్నాడు.