చిన్న ఆయిల్ లీకు: పౌడరా, డైయా, ఏకంగా పేకింగ్ మార్చేయడమా?

ఒడిశాలో దేవ్‌మాలి కొండకి వెళ్లొచ్చిన మర్నాడు పొద్దున్న వరండాలో బండి కింద రూపాయి బిళ్లంత మచ్చ కనపడింది. వేలితో రాసి చూస్తే ఆయిలే. మా ఆవిడ ముందు రోజే గచ్చు కడిగింది కాబట్టి పాత మచ్చేలే అని సర్దిచెప్పుకునే వీలు కూడా లేకపోయింది. ఇది పోయిన చలికాలం మాట. అప్పటినుంచి విజయనగరంలో నాతో కలిసి బండ్ల మీద తిరిగేవాళ్లలో నలుగురైదుగురు ఇదే అడిగారు. "లీకు చిన్నదే, ఎక్కణ్నుంచో తెలియట్లేదు. పౌడర్ చల్లి చూడమంటావా, ఆ మెరిసే డై పోయమంటావా, గొడవ లేకుండా పేకింగులు మార్పించేయనా?" ఫోన్లో ఒక్కొక్కరికీ చెప్పేకంటే ఒకసారి రాసి పెట్టడం నయమనిపించింది. (పేకింగ్ అంటే ఇంజిన్ భాగాల అతుకుల మధ్య ఆయిల్ కారకుండా పెట్టే పొర.)

నేను చెప్పేది రాత్రికి ఒకటి రెండు చుక్కలు పడేదాని గురించి, లేదా ఇంజిన్ మీద చెమ్మగా ఉండి దుమ్ము అంటుకునేదాని గురించి. ధార కట్టి కారుతున్నా, వెనక టైరు మీదకి ఆయిల్ చిమ్ముతున్నా ఈ పద్ధతులేవీ వద్దు. బండి ఆపి ఆటోలో ఎక్కించి షెడ్డుకి పంపండి.

పెంకుటింట్లో పెరిగినవాళ్లకి ఈ లీకుల సంగతి ఎక్కువ విడమర్చి చెప్పక్కర్లేదు. నీళ్లు మంచం మీద పడుతుంటాయి, పగిలిన పెంకు దూలానికి అవతల ఎక్కడో ఉంటుంది. ఇంజిన్ మీద ఆయిల్‌దీ అదే దారి. బండి నిలబడి ఉంటే కిందికి జారుతుంది, పరిగెడుతుంటే గాలి దాన్ని వెనక్కి తోస్తుంది. ఇంజిన్ పైభాగమైన హెడ్ దగ్గర పుట్టిన చెమ్మ రెక్కల్లాంటి ఫిన్నుల మీదుగా దిగి, పిస్టన్ ఆడే బోర్ అడుగున పేకింగ్ గీత పట్టుకుని వెనక్కి పాకి, దాని కింది చాంబర్ మీద నుంచి జారి, చివరికి పాత ఆయిల్ దించే డ్రైన్ బోల్టు దగ్గర చుక్కవుతుంది. కింద నుంచి చూసినవాడు డ్రైన్ బోల్టు వాషర్ అంటాడు, పక్క నుంచి చూసినవాడు బోర్ పేకింగ్ అంటాడు. అందుకే ఏ పద్ధతినైనా నేను ఒకే లెక్కలో చూస్తాను: ఆయిల్ పుట్టిన చోటు చూపిస్తుందా, పారిన చోటే చూపిస్తుందా? ఖర్చు, శ్రమ నాకు ఆ తర్వాతే.

ముందు పేకింగ్ మార్చేయడం సంగతి, ఎందుకంటే నేను కూడా మొదట అటే వెళ్లాను. ఊళ్లో మాకు అలవాటైన షెడ్డులో మెకానిక్ బొటనవేలితో రాసి చూసి, "బోరు విప్పీసి పేకింగ్ మార్చీడమే బాబూ, రేపు సాయంత్రానికి ఇచ్చీస్తాను" అన్నాడు. అతను మోసం చేయలేదు. చెమ్మ నిజంగా బోర్ అడుగునే ఉంది. ఎందుకో మనసొప్పక, ఆదివారం దాకా ఆగుతానని చెప్పి వచ్చేశాను. బోర్ విప్పడమంటే చిన్న పని కాదు. హెడ్ తీయాలి, హెడ్ పేకింగ్ కొత్తది వేయాలి, పిస్టన్ రింగులు కదులుతాయి, టైమింగ్ చెయిన్ మళ్లీ సరిగ్గా కూర్చోవాలి. పాత పేకింగ్ అంటుకుపోయి ఉంటే బ్లేడుతో గీకుతారు. అల్యూమినియం మీద ఒక గీత పడిందంటే అప్పటిదాకా లేని లీకు అక్కడ మొదలవుతుంది. భయం కొద్దీ సీలింగ్ పేస్ట్ మందంగా పూస్తే లోపలికి నొక్కుకుపోయిన ముక్క ఊడి ఆయిల్ పంపు జల్లెడలో ఇరుక్కోవచ్చు. కవర్ల మీద ఉండే 6 ఎంఎం బోల్టులకి మామూలుగా 10 న్యూటన్ మీటర్ల చుట్టుపక్కల బిగువు చాలు. పొడుగు స్పానర్ పెట్టి ఒక పట్టు పడితే మరలు ఊడిపోతాయి.

పేకింగ్ మార్చడం ఎప్పుడూ తప్పని కాదు. డ్రైన్ బోల్టు వాషర్‌ని ఆయిల్ మార్చినప్పుడల్లా మార్చాల్సిందే, దానికి పరిశోధనలేమీ అక్కర్లేదు. చోటు ఖాయమయ్యాక పేకింగ్ మార్చక తప్పదు కూడా. నా గొడవంతా చోటు తెలియకుండా విప్పడం గురించే.

ఇక పౌడర్. ఇది నా పద్ధతి, కాబట్టి ఎక్కువ రాస్తే ఏమనుకోకండి.

ఆదివారం పొద్దున్నే ఇంజిన్ చల్లగా ఉండగా మొదలుపెట్టాను. పెయింట్ బ్రష్షుతో కిరసనాయిలు రాసి జిడ్డంతా వదలగొట్టాను. పెట్రోలు మాత్రం వాడొద్దు. కిరసనాయిలు ఆరాక కూడా సన్నటి జిడ్డు పొర మిగులుతుంది, చాలామంది ఇక్కడే ఆగిపోయి తర్వాత పౌడర్ మీద కనపడే ప్రతి మచ్చనీ లీకనుకుంటారు. అందుకని మళ్లీ సబ్బు నీళ్లతో కడిగి, మంచి నీళ్లు పోసి, గుడ్డతో తుడిచి, ఎండలో గంటసేపు వదిలేయాలి. వాటర్ సర్వీస్ గన్నుతో సీళ్ల మీదకి, వైర్ల మీదకి కొట్టించొద్దు. గాలి పీల్చే దారికి గుడ్డ కుక్కి, బ్రేక్ డిస్కుకి పాలిథిన్ సంచి తొడిగి, అప్పుడు మా చిన్నదాని పౌడర్ డబ్బా తీశాను. మెత్తటి బ్రష్షుతో, పేడ నీళ్లు చల్లిన వాకిట్లో ముగ్గుపిండి జల్లినంత పలుచగా అద్దాను. మందంగా వేస్తే పౌడరే ఆయిల్‌ని పీల్చి చుట్టూ పాకించేస్తుంది, మచ్చ ఎక్కడ మొదలైందో తెలీదు.

గుడ్డ, సంచి తీసేసి, సెంటర్ స్టాండ్ వేసి, ఎదురుగా టేబుల్ ఫ్యాను పెట్టి పదిహేను నిమిషాలు నడిపాను. ఏమీ లేదు. మా ఆవిడ గుమ్మంలోంచి చూసి ఏమీ అనకుండా లోపలికి వెళ్లిపోయింది. నిజానికి ఏమీ లేకపోవడం కూడా సమాచారమే: కదలకుండా ఉన్నప్పుడు కారట్లేదు, లోడు పడి బాగా వేడెక్కాకే కారుతోంది. పలుచగా మరో పూత వేసి, గంటకి 40 దాటకుండా గజపతినగరం రోడ్డులో కొంతదూరం వెళ్లి వెనక్కి వచ్చాను. ఎదురు ముఖాన ఉన్న పౌడర్ చాలావరకు ఎగిరిపోయింది, ఫిన్నుల సందుల్లో మాత్రం నిలిచింది. టార్చి వేసి చూస్తే హెడ్ మీద ఎగ్జాస్ట్ వైపు ఉండే ట్యాపెట్ మూత (వాల్వు సందు సరిచూసుకునే చోటి మూత) కింది అంచు నుంచి చీమల బారులా సన్నటి గోధుమరంగు గీత. రెండు ఫిన్నులు దాటి మూడోదాని మీద ఆగింది. బోర్ అడుగున పౌడర్ తెల్లగా, పొడిగా, వేసింది వేసినట్టే ఉంది.

ఆ మూతకి ఉండే రబ్బరు రింగు గట్టిపడిపోయింది, అంతే. అదే మెకానిక్ దగ్గరికి వెళ్తే అరగంటలో మార్చేశాడు. "ఏటి బాబూ, బండికి కూడా పౌడరు రాసీసారా?" అని ఒకటే నవ్వు.

పౌడర్‌కి తక్కువలున్నాయి. వానాకాలంలో, సముద్రపు గాలి తగిలే చోట పొద్దున్నపూట ఇంజిన్ మీద తేమకే పౌడర్ ముద్దకడుతుంది. కళింగపట్నం, బారువ వైపు వాళ్లు మిట్టమధ్యాహ్నం చేసుకోవాలి. స్టార్టర్ మోటార్ వెనక, ఫెయిరింగ్ (బండి పక్కల ఉండే ప్లాస్టిక్ తొడుగు) లోపల చేయి పట్టని చోట ఇది పనికిరాదు. హైవే మీద 100లో వెళ్తే తప్ప కారని లీకుని పట్టుకోవడం కూడా కష్టమే, అంత గాలికి పౌడర్ నిలవదు.

ఆ రెండు ఇబ్బందులూ ఉన్నవాడు మా బావమరిది. శ్రీకాకుళంలో ఉంటాడు, అతని బండికి ఫెయిరింగ్ ఉంది, రేడియేటర్ ఉంది. ఇచ్ఛాపురం దాకా ఒక విసురు వెళ్లొస్తే తప్ప చుక్క పడేది కాదు. అతను డై పోశాడు. సీసా మీద చెప్పిన కొలత ప్రకారం ఆయిల్‌లో కలిపి, బండి తిప్పి, చీకటి పడ్డాక యూవీ (అతినీలలోహిత) టార్చి వేస్తే లీకైన ఆయిల్ పసుపుపచ్చగా మెరుస్తుంది. పాత జిడ్డులో డై ఉండదు కాబట్టి అది అలా మెరవదు, ఇంజిన్‌ని అద్దంలా కడగాల్సిన పని తగ్గుతుంది. బండి మామూలుగా నడిచే వేగంలో, వేడిలో పరీక్ష జరుగుతుంది. ఈ ఒక్క విషయంలో పౌడర్ దీని ముందు నిలబడదు, ఒప్పుకుంటాను.

కానీ చూసుకోవాల్సినవి ఉన్నాయి. మన బండ్లలో చాలావాటికి క్లచ్ ఇంజిన్ ఆయిల్‌లోనే మునిగి ఉంటుంది, కాబట్టి కార్ల కోసమని అమ్మే డై ఏదో ఒకటి పోసేయకూడదు. వెట్ క్లచ్ బండ్లకి పనికొస్తుందని సీసా మీద ఉన్నదే కొనాలి. పోసేటప్పుడు ఒలికిన చుక్క కూడా మెరుస్తుంది, అప్పుడే తుడిచేయాలి. రేడియేటర్‌లో పోసే చాలా కూలెంట్లలో కూడా అలా మెరిసే రంగు ఉంటుంది. బావమరిది మొదటి రాత్రి రేడియేటర్ పైపు దగ్గర మెరుపు చూసి కంగారుపడింది అందుకే, అది ఎప్పుడో ఒలికిన కూలెంట్. అన్నట్టు తేళ్లు కూడా యూవీ వెలుగులో మెరుస్తాయి. పెరట్లో బండి కింద పడుకుని టార్చి తిప్పుతుంటే గోడ వారగా ఒకటి కనపడి, ఆ రాత్రికి పని అక్కడితో ఆగిపోయింది.

నాకు డై మీద ఉన్న అసలు అనుమానం వేరు. అది పుట్టిన చోటునీ పారిన చోటునీ ఒకేలా మెరిపిస్తుంది. డై పోశాం కదా అని జనం 60, 70 కిలోమీటర్లు తిప్పేస్తారు. తిరిగొచ్చి టార్చి వేస్తే ఇంజిన్ వెనక సగమంతా దీపావళే. మళ్లీ మొదటికి వచ్చినట్టు. డై వాడితే 10 కిలోమీటర్లకోసారి ఆగి చూడాలి, మెరిసే వాటిలో అన్నింటికంటే పైన, అన్నింటికంటే ముందువైపు ఉన్న తడిని వెతకాలి. పగలు హైవే మీద అలా ఆగి చూడాలంటే దుప్పటి కప్పుకుని చూడాలి. మా వాడు నరసన్నపేట దాటాక ఒక టీ బడ్డీ పక్కన ఆ పని కూడా చేశాడు. చివరికి మ్యాగ్నెట్ కవర్‌లోంచి (బండికి కరెంటు పుట్టించే భాగం మీది మూత) వైర్లు బయటికి వచ్చే చోట ఉన్న రబ్బరు దగ్గర దొరికింది. పౌడర్‌తో అయితే అది దొరికేది కాదు.

అట్ట ముక్క పద్ధతి అందరికీ తెలిసిందే: రాత్రి బండి కింద అట్ట పరిచి, ముందు చక్రం ఎక్కడుందో గీత గీసుకోవడం. చోటు చెప్పదు, పైగా సైడ్ స్టాండ్ మీద వంగి ఉన్న బండి చుక్కని ఎడమకి లాగుతుంది. లీకు పెరుగుతోందా, ఉన్నచోటే ఉందా అన్నది మాత్రం చెబుతుంది. ఎప్పుడు పడుతోందో గమనించండి. బండి ఆపిన వెంటనే పడితే వేడి ఆయిల్ పలుచబడి జారుతోందని, తెల్లారేసరికి పడితే చల్లబడ్డ రబ్బరు పట్టు వదులుతోందని అనుమానించొచ్చు. లీకు ఆపే మందులని సీసాల్లో అమ్మేవి క్లచ్ మునిగే ఆయిల్‌లో నేనైతే పోయను.

వీటన్నిటికంటే ముందు ఒక పూట కేటాయించి చూడాల్సినవి కొన్ని ఉన్నాయి, ఇవి చూడక పౌడర్లూ డైలూ దండగ చేసినవాళ్లని ఎరుగుదును. ఆయిల్ మార్పించి వారం కాలేదంటే ఫిల్టర్ మూత సందుల్లో మిగిలిన ఆయిలే కారుతుండొచ్చు. చెయిన్ తిప్పే ముందు స్ప్రాకెట్ (పళ్ల చక్రం) దగ్గర నల్లటి జిడ్డు చాలాసార్లు చెయిన్‌కి కొట్టిన ల్యూబే. మూడోది ఆయిల్ మట్టం. సైడ్ స్టాండ్ మీద చూసి తక్కువుందని పోసేస్తారు. మీ బండి మాన్యువల్ చెప్పినట్టు, మామూలుగా అయితే నిటారుగా నిలబెట్టి, చూస్తే అది గీత దాటి ఉంటుంది. ఎక్కువైన ఆయిల్, చాంబర్‌లోని గాలి బయటికి పోయే బ్రీదర్ పైపులోంచి ఎయిర్ ఫిల్టర్ డబ్బాలోకి వెళ్లి అక్కడి గొట్టంలోంచి కారుతుంది, లీకని మనం ఇంజినంతా వెతుకుతాం. ఆ బ్రీదర్ పైపునే ఒకసారి ఊడదీసి ఊది చూడండి. ట్యాంకు విప్పి బిగించినప్పుడు అది మడతపడినా, బురద పట్టి మూసుకుపోయినా చాంబర్‌లో ఒత్తిడి పెరిగి బాగున్న సీళ్లలోంచి కూడా ఆయిల్ తన్నుకొస్తుంది. అప్పుడు ఎన్ని పేకింగులు మార్చినా మూడు వారాలే.

గాలి చల్లదనంతో నడిచే, ఇంజిన్ బయటికి కనపడే బండైతే నా ఓటు పౌడర్‌కే. ఫెయిరింగ్ ఉన్న బండికి, హైవే వేగంలోనే కారే లీకుకి డై కొనండి, ఆగి ఆగి చూసే ఓపిక ఉంటేనే. కొత్త రబ్బరు రింగు కొనేటప్పుడు బండి కంపెనీ పార్ట్ నంబరుదే అడగండి. హార్డ్‌వేర్ షాపులో అదే కొలతకి దొరికే నీళ్ల పైపు రింగు హెడ్ వేడికి నిలవదు.

నా పాత రింగు ఇంకా టూల్ కిట్‌లోనే ఉంది. అడిగినవాళ్ల చేతిలో పెడుతుంటాను. నలిపితే వంగాల్సిన రబ్బరు, గోటితో కొడితే ప్లాస్టిక్ గాజులా టక్కుమంటుంది.