టెలిమానస్ 14416: కేసులో ఉన్న మా తమ్ముడి కోసం చేసిన కాల్

మా తమ్ముడి మీద ఆఫీసు డబ్బుల విషయంలో చీటింగ్ కేసు పెట్టారు, పోలీసుల నుంచి కొత్త చట్టం బీఎన్‌ఎస్‌ఎస్ సెక్షన్ 35(3) నోటీసు వచ్చింది, అదే పాత సీఆర్‌పీసీలో 41ఏ, విచారణకి రమ్మనడమే తప్ప వెంటనే అరెస్ట్ అని కాదు, కానీ వాడి చెవికి ఎక్కితేగా. రాత్రి రెండింటికి చూస్తే ఆ కాగితం మడతపెడుతూ విప్పుతూ కూర్చున్నాడు, కంచంలో అన్నం ఎండిపోయింది. "నేను లేకపోతే మీకీ గొడవ ఉండదు కదక్కా" అన్నాడు.

వెంటనే టెలిమానస్‌కి, అంటే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ 14416కి కొట్టా. 2022 అక్టోబర్‌లో సెంట్రల్ గవర్నమెంట్ మొదలుపెట్టింది, ఫ్రీ, 24 గంటలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడతారు. ఫోన్‌లో మాట్లాడినావిడ కేసు గురించి గుచ్చి గుచ్చి అడగలేదు, "చనిపోవాలనిపిస్తోందా బాబూ" అని సూటిగా అడిగింది, నాకు భయమేసింది గానీ అలా అడిగినంత మాత్రాన ఆ ఆలోచన పెరగదట, వాడు అప్పుడు ఏడ్చాడు, నోటీసు వచ్చాక మొదటిసారి. ఒంటరిగా వదలొద్దు, స్టేషన్‌కి తోడు వెళ్ళండి అని నాకు చెప్పింది.

పొద్దున్నే 15100కి చేసి ఉచిత లాయర్ సాయం అడిగాం. పిలిచినప్పుడల్లా వెళ్తుంటే మామూలుగా అరెస్ట్ చెయ్యరని లాయర్ చెప్పాకే వాడు నాలుగు ముద్దలు తిన్నాడు.

కేసు ఇంకా నడుస్తోంది. రెండు నంబర్లూ ఫ్రిజ్ మీద అతికించా.