జావా డిజైన్ ప్యాటర్న్‌లు: ఏళ్ల తరబడి వాడాక ఏవి నిలిచాయి

హన్మకొండలో మాది చిన్న ఆఫీసు. ఎనుమాముల మార్కెట్‌లోని అడ్తి దుకాణాలకు జావాలో లెక్కల సాఫ్ట్‌వేర్ రాసి, ఏళ్లుగా దాని బాగోగులు కూడా మేమే చూస్తున్నాం. డిజైన్ ప్యాటర్న్‌లంటే కోడ్‌లో పదేపదే ఎదురయ్యే సమస్యలకు తేలిన పరిష్కార పద్ధతులు. వాటి గురించి 1994లో నలుగురు కలిసి రాసిన పుస్తకంలో 23 ఉన్నాయి. ఇంటర్వ్యూకు పోయేవాళ్లు అన్నీ చదువుకోవాల్సిందే. పనిలో మాత్రం నాకు అక్కరకొచ్చినవి నాలుగైదు. ఒకటైతే పక్కన పెట్టేశాను.

ఎక్కువ మార్కులు స్ట్రాటజీకే, అంటే ఒకే పనికి ఉన్న వేర్వేరు నియమాలను విడివిడిగా పెట్టి కావాల్సినదాన్ని ఎంచుకోవడం. తేమ లెక్కే తీసుకోండి. పత్తిలో తేమ 8 శాతం లోపుంటే సీసీఐ (భారత పత్తి సంస్థ) పూర్తి మద్దతు ధర ఇస్తుంది. 12 శాతం వరకు ధర తగ్గించి కొంటుంది, అది దాటితే అసలు కొనదు. కొనుగోలు కేంద్రంలో వడ్లకు హద్దు 17 శాతం. మిర్చికైతే వ్యాపారి కాయను చేతిలో పట్టి చూసి రేటు చెబుతాడు. పైగా హమాలీ, దడవాయి (తూకం వేసేవాళ్లు) కూలీలు ఒక సరుకుకు బస్తా లెక్కన, ఇంకో దానికి క్వింటాల్ లెక్కన రాయాలి. ఇదంతా ఒకే మెథడ్‌లో ఇఫ్, ఎల్స్‌లతో నింపితే పత్తి కోసం మార్చిన లైను మిర్చి లెక్కను చెడగొడుతుంది. సరుకుకో క్లాస్ ఉంటే ఆ టెన్షన్ లేదు, పత్తి నియమం మారితే పత్తి ఫైలు ఒక్కటే తెరుస్తాం.

దీనికి ఇంకో లాభం ఉంది, పాఠాల్లో ఎక్కడా చెప్పరు. పోయిన సీజన్ తక్‌పట్టీని (రైతుకు ఇచ్చే అమ్మకం చీటీ) రైతు మళ్లీ అడిగితే ఆనాటి కూలీ రేట్లతోనే ప్రింట్ కావాలి. అందుకే పాత నియమాన్ని చెరపం. తేదీని బట్టి పాతదో కొత్తదో ప్రోగ్రామే ఎంచుకుంటుంది. 2014లో జావా 8తో లాంబ్డాలు (పేరు లేని చిన్న ఫంక్షన్లు) వచ్చాక చిన్న నియమాలకు క్లాస్ కూడా అక్కర్లేదు, ఒక్క లైను చాలు. లిస్ట్‌ను సార్ట్ చేయడానికి కంపారేటర్ (రెండింటిలో ఏది ముందో చెప్పే కోడ్) ఇచ్చే ప్రతి ఒక్కరూ పేరు తెలియకపోయినా స్ట్రాటజీ వాడుతున్నట్టే.

అడాప్టర్ కూడా బాగా పనికొచ్చింది. ఎలక్ట్రానిక్ కాంటాలు ఒక్కో దుకాణంలో ఒక్కో కంపెనీవి. ఒకటి బరువును కిలోల్లో పంపుతుంది, ఇంకొకటి గ్రాముల్లో. మరొకటి అంకెల ముందు ఏవో అక్షరాలు తగిలిస్తుంది. ఒక్కో కాంటాకు, అది పంపేదాన్ని కిలోల్లోకి మార్చే ఒక అడాప్టర్ రాసుకున్నాం. మిగతా ప్రోగ్రామ్‌కు కిలోలు తప్ప ఇంకేమీ తెలియదు. దుకాణదారు కాంటా మార్చినా మాకు ఒక పూట పని అంతే.

సింగిల్టన్‌నే పక్కన పెట్టాను, అంటే ప్రోగ్రామ్ మొత్తానికి ఒక క్లాస్‌కు ఒక్క ఆబ్జెక్టే ఉండే పద్ధతి. నేర్చుకోవడానికి ఇంత సులభమైంది ఇంకోటి లేదు, అందుకే పాత కోడ్‌లో ఎక్కడ చూసినా అదే. మా చేతికొచ్చిన ఒక పాత ప్రోగ్రామ్‌లో దుకాణం సెట్టింగులన్నీ సింగిల్టన్‌లోనే ఉండేవి. ఆ సేటు తమ్ముడి పేరున రెండో లైసెన్స్ తీసుకున్నాడు. అంతే, రెండు దుకాణాల బిల్లుల మీదా ఒకటే పేరు. టెస్టులు రాసేటప్పుడు కూడా పేచీయే. ఒక టెస్టు మార్చిన విలువ తర్వాతి టెస్టుకు అంటుకుంటుంది. థ్రెడ్‌ల (ప్రోగ్రామ్‌లో ఒకేసారి నడిచే పనులు) గొడవ వేరే ఉంది. ఆబ్జెక్ట్ తయారైందో లేదో లాక్‌కు ముందొకసారి, తర్వాతొకసారి చూసే పద్ధతి 2004లో జావా 5 వచ్చాకే, అదీ వోలటైల్ (ఒక థ్రెడ్ మార్చింది మిగతావాటికి కనిపించేలా చేసే మాట) పెడితేనే, సరిగ్గా పనిచేస్తుంది. తప్పనిసరైతే ఈనమ్‌తో (విలువల జాబితా ముందే ఖాయమైన టైపు) రాయండి. స్ప్రింగ్ ఫ్రేమ్‌వర్క్ వాడేవాళ్లకు ఆ అవసరమూ ఉండదు, అది ఎలాగూ ఒక్క ఆబ్జెక్ట్‌నే చేసి అందరికీ ఇస్తుంది.

అబ్జర్వర్, అంటే ఒకచోట మార్పు జరగగానే నమోదైన లిజనర్లందరికీ కబురు పంపే పద్ధతి, మంచిదే కానీ దాని మీద కన్నేసి ఉంచాలి. వేలంలో రేటు ఖాయం కాగానే ఖాతా, స్క్రీను, ఎస్సెమ్మెస్ మూడూ కదలాలి, దానికి ఇది చక్కగా కుదురుతుంది. స్క్రీన్ మూసేసినప్పుడు లిజనర్‌ను తీసేయడం మరిస్తే మాత్రం మెమరీ నిండుతూ పోతుంది. మిర్చి సీజన్‌లో మధ్యాహ్నానికి కంప్యూటర్ మొరాయించిందంటే నేను మొదట వెతికేది అక్కడే. జావాలో ముందునుంచీ ఉన్న అబ్జర్వబుల్ క్లాస్‌ను 2017లో జావా 9 నుంచి వాడొద్దని గుర్తు పెట్టారు, కొత్త కోడ్‌లో దాని జోలికి పోకండి.

బిల్డర్ (ఆబ్జెక్ట్‌ను ఒక్కో భాగం చొప్పున కట్టేది) తక్‌పట్టీలాంటి పెద్ద ఆబ్జెక్ట్‌లకు హాయి. డెకరేటర్ నేను సొంతంగా రాసింది తక్కువ, ఫైళ్లు చదివేటప్పుడు ఒక రీడర్‌లో ఇంకో రీడర్ పెట్టడమే అది. విజిటర్ (రకరకాల ఆబ్జెక్ట్‌ల మీద చేసే పనిని వాటి బయట రాసే పద్ధతి) చదివిన ప్రతిసారీ తల తిరుగుతుంది. జావా 21లో సీల్డ్ టైపుల (ఉపరకాలు ముందే ఖాయమైనవి) మీద స్విచ్ రాసే వీలు వచ్చాక దాని అవసరం చాలావరకు తీరింది.

కొత్తగా చేరే పిల్లల కోడ్‌లో ఫ్యాక్టరీల (ఆబ్జెక్ట్‌లు తయారుచేసి ఇచ్చే క్లాసులు) సందడి ఎక్కువ. ఉన్నది ఒక్క క్లాస్, దానికో ఇంటర్‌ఫేస్, దానికో ఫ్యాక్టరీ. రెండో రకం వస్తుందా అంటే, రావచ్చు సార్ అంటారు. వచ్చిన రోజు రాద్దాం, ఇప్పటికి తీసెయ్ అంటాను. ఇంటర్‌ఫేస్ ఆ రోజు చేర్చడం గంట పని.

ప్రస్తుతం స్టేట్ ప్యాటర్న్ మీద వాదన నడుస్తోంది. సరుకు యార్డులోకి రావడం, వేలం, తూకం, తక్‌పట్టీ, డబ్బు చెల్లింపు, ఇవి ఐదు దశలు. రేటు నచ్చకపోతే రైతు వేలం తర్వాత కూడా సరుకు ఇవ్వనంటాడు, అది ఇంకో దారి. దశకో క్లాస్ రాద్దామని మా జూనియర్ అంటున్నాడు. ఐదు దశలకు ఈనమ్, ఒక స్విచ్ చాలన్నది నా మాట. ఈ సీజన్‌కు నా పద్ధతిలోనే నడుపుతున్నాం, దశలు పెరిగితే అతని ఫైళ్లు సిద్ధంగా ఉన్నాయి.