ఐదు క్రిస్మస్‌లు చూసిన స్టీలు తట్టలు

కడపలో మాది చిన్న సంఘం. క్రిస్మస్ ఆరాధన అయ్యాక ప్రేమ విందుకు కూర్చునేది 130 మందో, 140 మందో. 2020 దాకా మావన్నీ థర్మాకోలు ప్లేట్లే. తినడం ఇరవై నిమిషాల్లో అయిపోయేది. మర్నాడు పొద్దున వాటిని చర్చి వెనక కాలిస్తే ఆ కంపు మధ్యాహ్నం దాకా పోయేది కాదు. కాల్చగా మిగిలినవి గాలికి ఎగిరి బుగ్గవంకలో పడేవి. 2022 జులై 1 నుంచి థర్మాకోలు ప్లేట్లు, ప్లాస్టిక్ గ్లాసులు, స్పూన్లు, చివరికి అలంకరణకు వాడే థర్మాకోలు కూడా దేశమంతా నిషేధించారు. మేం అంతకు ఆరు నెలల ముందే, 2021 డిసెంబరులో, చందాలు వేసుకుని 150 స్టీలు తట్టలు, 150 గ్లాసులు కొన్నాం. చట్టం వస్తోందని కాదు, ఆ కంపు భరించలేక.

మొన్నటి 2025తో ఐదు క్రిస్మస్‌లు అయ్యాయి. మా లాగే కొందామనుకునేవాళ్లు అడుగుతున్నారు కాబట్టి రాస్తున్నా.

ముందు డబ్బు సంగతి. తట్ట 95, గ్లాసు 30, మొత్తం 18,750 రూపాయలు. పేపరు ప్లేటు, గ్లాసు కలిపి మనిషికి 5 రూపాయలు అనుకున్నా 150 మందికి 750. అంటే 25 భోజనాలు పెడితే గానీ పెట్టిన డబ్బు తిరిగి రాదు. ఏడాదికోసారి క్రిస్మస్‌కు తీసి మళ్లీ అటక మీద పెట్టేస్తే పాతికేళ్లు పడుతుంది! అందుకే సెమీ క్రిస్మస్‌కు, ఎవరైనా పోయాక పెట్టే ఆదరణ కూడికలకు, పిల్లల పుట్టినరోజులకు ఎవరడిగినా ఊరికే ఇస్తాం. నోటుబుక్కులో ఇప్పటికి 31 భోజనాలు రాసి ఉన్నాయి. ఇలా తిప్పే ఉద్దేశం లేకపోతే అసలు కొనకండి. ఇంటికి పదిమంది చుట్టాలు వచ్చే క్రిస్మస్‌కైతే కొత్తవి ఎందుకు, పక్కింటి నుంచి నాలుగు తట్టలు తెచ్చుకుంటే సరిపోతుంది.

వై.వి. స్ట్రీట్‌లో కొన్నచోటే పేరు కొట్టించాం. అక్షరానికి ఇంత అని రేటు. మా సంఘం పేరు మొత్తం కొట్టిస్తే ఇంకో యాభై తట్టలు వచ్చేలా ఉన్నాయని 'సం' అని ఒక్క అక్షరంతో సరిపెట్టాం. 'సం'తో పేరు మొదలయ్యే పెద్దమ్మ ఒకావిడ మా సంఘంలోనే ఉంది. "ఇవన్నీ మా పుట్టింటోళ్లు పెట్టిన తట్టలే" అని ఐదేళ్లుగా అదే జోకు.

ఇక కడగడం. అసలు సమీక్ష ఇదే అనుకోండి. మొదటి ఏడాది బిర్యానీ తిన్న 140 తట్టలు కుళాయి దగ్గర కుప్ప పడ్డాయి. డాల్డా చల్లటి నీళ్లకు పేరుకుపోయింది. సబీనా పొడి వేసి ఎంత రుద్దినా వేళ్లకు జిడ్డే. నలుగురు ఆడవాళ్లు పండగ చీరలు ఎగదోపుకుని మూడు గంటలు కడిగారు. పైన ట్యాంకు ఖాళీ. మగవాళ్లం చెట్టు కింద కుర్చీల్లో కూర్చుని, ఈసారి చెత్త ఎంత తగ్గిందో మాట్లాడుకుంటున్నాం. రెండో ఏడాదీ అంతే. "మీరు చెత్త తగ్గించలేదు, మా నెత్తిన వేశారు" అంది మా ఆవిడ. నేను జవాబు చెప్పలేదు, చెప్పడానికి ఏముంది!

2023లో పద్ధతి మార్చాం. ఎముకలు, మెతుకులు ముందు బకెట్లో దులపాలి. తర్వాత మూడు టబ్బులు: మొదటిదాంట్లో సబీనా కలిపిన వేడినీళ్లు, మిగతా రెండిట్లో మంచినీళ్లు. ఎవరి తట్ట వాళ్లే కడగాలి. మొదట ఎవరూ లేవలేదు. చివరికి డెబ్బై ఏళ్ల పెద్దాయన లేచి వెళ్తుంటే ఒక కుర్రాడు తట్ట లాక్కోబోయాడు.

"మీరు కూర్చోండి నాయనా, నేను కడుగుతా."

"ఇంట్లో మీ అవ్వ ఎట్లా కడగనీదు, ఈడన్నా కడగనీరా."

ఆ తర్వాత వరస కట్టారు. ఇప్పుడు అరగంటలో అయిపోతుంది. నీళ్లు డ్రమ్మున్నర చాలు. ఒక్క లోపం మిగిలింది: బిర్యానీ డేగిసాలు ఇప్పటికీ ఆ నలుగురే తోముతున్నారు.

"పులివెందుల, కోడూరుల అరటి తోటలు పెట్టుకుని అరిటాకులో తినకుండా స్టీలెందుకు?" అని అడిగారు కొందరు. కింద బంతి వేసి కూర్చోబెట్టే చోటుంటే ఆకే మేలు, కడిగే పనే లేదు. మాకు అంత చోటు లేదు, నిలబడి తినాలి. నిలబడి అరిటాకులో రసం పోసుకుని చూడండి, తెలుస్తుంది. మిషన్ మీద అచ్చు వేసిన విస్తరాకులు కొనేముందు మాత్రం తిప్పి చూసుకోండి, కొన్నిటికి అడుగున ప్లాస్టిక్ కాగితం ఉంటుంది. పేపరు గ్లాసుల లోపల కూడా ఆ పూతే.

మిగతావి టూకీగా. స్టార్‌లో 60 వాట్ల బల్బు తీసి 9 వాట్ల ఎల్ఈడీ పెట్టాం. రోజుకు ఆరు గంటల లెక్కన 25 రోజులకు 9 యూనిట్ల చోట ఒకటిన్నర కూడా కాలదు. వెదురు బద్దల స్టార్‌కు పాత చీర కట్టాం కానీ, ఒక ఏడాది డిసెంబరు వానకు రంగు కారి గోడంతా ఎర్రగా అయింది. రంగు పోని చీర చూసుకోవాలి. పశువుల పాక చుట్టూ పచ్చికకు పది రోజుల ముందు ట్రేల్లో రాగులు చల్లుతాం. పండగ నాటికి బెత్తెడు మొలుస్తుంది, తర్వాత మేకలకు. ప్లాస్టిక్ చెట్టు మాత్రం పారేయలేదు. పద్నాలుగేళ్ల నాటిది, సగం ఆకులు రాలాయి, రాలిన వైపు గోడకు తిప్పి పెడతాం.

తట్టలు 150లో 138 ఉన్నాయి. నాలుగు వంగాయి, అయినా తినొచ్చు. ఐదుకు నాలుగు మార్కులు వేస్తా. గ్లాసులకైతే రెండే. 150లో 97 మిగిలాయి. పిల్లలకని పాయసం పోయించుకుని ఇంటికి తీసుకెళ్లినవి తిరిగి రావు. రాబోయే క్రిస్మస్‌కు ఇంకో 50 కొంటున్నాం. వాటి మీద 'సం' వద్దు, ఇంకేదైనా కొట్టిద్దామని అనుకున్నాం. పెద్దమ్మకు ఇంకా చెప్పలేదు.